బోరు స్టార్టర్ డబ్బా: మెయిన్ ఆపితే కంట్రోల్ వైర్లు కూడా చావాలి

పరకాల దిక్కు 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు కడుతున్న డబ్బాలో పవర్ వైరింగ్ అయిపోయింది. మూడు ఫేజులు ముందు ఐసోలేటర్‌కు (డబ్బా మెయిన్ స్విచ్), అక్కడి నుంచి కాంటాక్టరు (కాయిల్‌కు కరెంటు ఇస్తే పట్టి మోటరును కలిపే స్విచ్), ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది), మోటరు. ఈ విడత పనంతా కంట్రోల్ సర్క్యూట్ మీదనే, అంటే ఆ కాంటాక్టరు కాయిల్‌ను నడిపే చిన్న వైర్ల మీద.

పాత వైరింగ్‌లో ట్యాంకు ఫ్లోట్ స్విచ్‌కు (నీళ్లు తగ్గితే కలిసే స్విచ్) ఇంటి మీటరు నుంచి 240 వోల్టులు వచ్చేవి. బోరు కాడ మెయిన్ ఆపి మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులు గుంజినా, ట్యాంకులో నీళ్లు తగ్గితే కాంటాక్టరు కాయిల్ రెండు కొసలైన ఏ1, ఏ2 మధ్య 240 ఉండేదే. మోటరు తిరగట్లేదని డబ్బా మొత్తం చచ్చిందనుకుంటారు, చెయ్యేమో ఆ కాయిల్ పక్కకే పోతుంది. ఫేజుకూ ఎర్త్ పైపుకూ మధ్య కాయిల్ కట్టే అలవాటు ఇంకా చెడ్డది. ఎండాకాలం నేల ఎండితే ఆ పైపే షాక్ కొడుతుంది.

కొత్త పద్ధతిలో కంట్రోల్ కరెంటు బయటి నుంచి రాదు. ఐసోలేటర్ కింది వైపు, అంటే ఆపితే చచ్చే వైపు, రెండు ఫేజుల నుంచి 100 వీఏ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇచ్చాం. ప్రైమరీలో, అంటే కరెంటు లోపలికి వచ్చే వైపు, రెండు వైర్లకూ ఫ్యూజులున్నాయి. సెకండరీ, అంటే బయటికి వచ్చే వైపు, 24 వోల్టులు. న్యూట్రల్ అవసరమే లేదు. ప్రైమరీకి 380, 415 వోల్టుల రెండు ట్యాపులున్నది (వైరు తగిలించే రెండు మొనలు) చూసి కొనాలి. లైన్ 340కి పడితే 415 ట్యాపు మీద 19.7 వోల్టులే వస్తాయి, కాంటాక్టరు గట్టిగా పట్టదు, గుర్రుమని మోగుతూ కాంటాక్టులు కాలుతాయి. 380 ట్యాపు మీద 21.5 వస్తాయి. లైన్ 440 దాకా లేచే చోట మాత్రం 415 ట్యాపే పెట్టాలి, లేకపోతే కాయిల్ వేడెక్కుతుంది.

ఫ్లోట్ వైరు 200 మీటర్లు, 1 చదరపు మి.మీ. రెండు కోర్లది. రానుపోను నిరోధం దాదాపు 7 ఓములు. కాంటాక్టరు కాయిల్ పట్టేటప్పుడు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. నేరుగా ఈ వైరుతో నడిపిస్తే 24లో దాదాపు సగం వైరులోనే పోతాయి, కాంటాక్టరు పట్టదు. అందుకని ఫ్లోట్ చిన్న రిలేను మాత్రమే నడుపుతుంది. అది 50 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోదు. ఆ రిలేలోని కాంటాక్టు కాంటాక్టరు కాయిల్‌ను నడుపుతుంది. ఫ్లోట్ దారికి వేరే 1 ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. ట్యాంకు కాడ షార్ట్ అయినా 3 ఆంపియర్లే పారుతుంది, 24 వోల్టుల వైపు ఉన్న 4 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజుకు అది లెక్కలోకి రాదు.

సెకండరీ ఒక కొసను ఎర్త్ చేసి, కాయిల్ ఏ2నూ రిలే కాయిల్ ఒక కొసనూ ఆ వైరుకే కట్టాలి. స్టాప్ బటన్, ఓవర్‌లోడ్ రిలే 95–96 టెర్మినళ్లు (ఓవర్‌లోడ్ అయితే విడిపోయేవి), ఫ్లోట్ అన్నీ రెండో వైరులోనే. తిప్పి కట్టి ఫ్లోట్‌ను ఎర్త్ వైపు పెడితే, వైరును ఎలుక కొరికి నేలకు తగిలినప్పుడు రిలే దానంతటదే పట్టి మోటరు లేస్తుంది.

ఐసోలేటర్ 3 పోల్, 25 ఆంపియర్లు, ఏసీ-23 రేటింగుది (మోటరు లోడు ఆపడానికి తగినది), హ్యాండిల్‌కు తాళం పట్టేది. స్టాప్ బటన్ డిస్కనెక్ట్ కాదు, కాంటాక్టరు కూడా కాదు. కాంటాక్టులు అతుక్కుపోతే కాయిల్ ఆపినా మోటరు నడుస్తూనే ఉంటుంది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే చెప్పకుండా లేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనా ఆ ఆటో స్టార్టర్లను చాలామంది పీకనే లేదు.

ఒక్క ఫ్యూజు గుంజి పని చేయడం ఇంకో ప్రమాదం. కాంటాక్టరు పట్టి ఉంటే మిగతా రెండు ఫేజుల కరెంటు మోటరు వైండింగు గుండా తిరిగి ఆ గుంజిన ఫ్యూజు కింది మొనకు వస్తుంది.

డబ్బా తెరిచే క్రమం ఇది: స్టాప్ నొక్కి, ఐసోలేటర్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. వోల్టులు చూసే మీటరును ముందు కరెంటున్న చోట పెట్టి చూసుకోవాలి. తర్వాత ఐసోలేటర్ కింద ఫేజుల మధ్య మూడు రీడింగులు, ఎర్త్‌కు మూడు, ఆపైన ఏ1–ఏ2, ఏ1–ఎర్త్, ఫ్లోట్ టెర్మినళ్లు. చివర్లో మీటరును మళ్లీ కరెంటున్న చోట చూడాలి. నియాన్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. మోటరుకు కట్టిన కెపాసిటర్‌లో చార్జి మిగులుతుంది. ఐదు నిమిషాలు ఆగి, టెర్మినళ్ల మధ్య ఏసీ కాదు, డీసీ రేంజిలో చూడాలి.

ఐసోలేటర్ పై మొనలు మాత్రం ఎప్పుడూ లైవే. వాటికి ఇన్సులేషన్ కవరు బిగించాం. అక్కడ పని పడితే స్తంభం కాడి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఏబీ స్విచ్‌ను (దానికి లైన్ తెంపే స్విచ్) సొంతంగా ముట్టొద్దు, 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలవాలి.

ఇంకా మిగిలినవి: డబ్బాకు రెండు వేరు వేరు ఎర్త్ వైర్లు, కేబుల్ గ్లాండ్లు, తలుపు లోపల అతికించే సర్క్యూట్ బొమ్మ. ఇంటి మీటరు నుంచి వచ్చే పాత వైరును రెండు కొసలా ఊడదీసి చుట్ట చుట్టాలి. ఒక్క కొస ఊడదీసి వదిలేస్తే ఎవరో ఒకరు మళ్లీ తగిలిస్తారు.