పడవను ఈడ్చుకుంటూ టెక్సోమా దాకా

మా తాతగారి రోజుల్లో కోనసీమ కాలవల్లో గాలి పడిపోతే పడవవాళ్లు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని పడవను లాక్కుపోయేవారట. అమ్మ చెప్పేది. పోయిన అక్టోబరులో నేనూ పడవ లాగాను. కాకపోతే డల్లాస్ నుంచి ఉత్తరంగా టెక్సోమా సరస్సు వైపు పోయే 75వ నంబరు హైవే మీద, హైలాండర్ కారుతో.

అది కేటలీనా 22 అనే మోడల్ తెరచాప పడవ. 1969లో తయారీ మొదలైంది, 15,000కు పైగా అమ్ముడైంది. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు. అడుగున 550 పౌండ్ల ఇనుప కీల్, అంటే పడవ పక్కకి ఒరిగిపోకుండా నీళ్లలోకి దిగే రెక్క. లోపలున్న చిన్న వించ్ (తాడు చుట్టే మర) తిప్పితే అది పైకి మడుచుకుంటుంది. దించితే ఐదడుగుల లోతు కావాలి, ఎత్తితే రెండడుగులు చాలు. ట్రెయిలర్ మీద బుద్ధిగా కూర్చునేది ఆ మడత వల్లే.

3,500 డాలర్లకు పాతది కొన్నాను. అమ్మినాయన తెరచాపలు పరిచి చూపిస్తుంటే నేను వాటినే చూస్తూ ఉండిపోయాను. చక్రాల వంక చూడాలని తోచలేదు. మా బావమరిది మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కనున్న అంకెలు చదివాడు. "బావా, 2311 అంటే 2011లో ఇరవై మూడో వారం. దీన్ని మ్యూజియంలో పెట్టాలి." రబ్బరు పైకి నిగనిగలాడుతూనే ఉంది, పక్కలు మాత్రం బీటలు. రెండు టైర్లూ మార్చాకే కదిలాం.

మెకిన్నీ దాటాక పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. వెనకున్న పడవ కుక్క తోక ఊపినట్టు ఊగింది. తప్పు మాదే. మోటారు, లంగరు, ఐస్ పెట్టె అన్నీ పడవ వెనక భాగంలో పడేశాం. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం, ట్రెయిలర్‌ను తగిలించే కారు హిచ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే తోక ఊపడం మొదలెడుతుంది. రోడ్డు దిగి, ఐస్ పెట్టె, లంగరు ముందుకు జరిపాం. షెర్మన్‌లో మళ్లీ ఆగి చక్రాల నడిమధ్య ఉండే హబ్‌ల మీద చెయ్యి వేసి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. చెయ్యి కాలితే లోపల బేరింగ్‌లో గ్రీజు అయిపోయినట్టే.

డెనిసన్ దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కు చేరేసరికి పదకొండు. రెడ్ రివర్‌కి అడ్డంగా 1944లో పూర్తయిన ఆనకట్ట వెనకాల నిలిచిన నీరే టెక్సోమా సరస్సు. ఇటు టెక్సాస్, అటు ఓక్లహోమా.

నీళ్లు ఎదురుగా మెరుస్తున్నాయి. మేం మాత్రం పార్కింగు స్థలంలోనే రెండు గంటలు గడిపాం! తెరచాప కొయ్య పాతికడుగుల అల్యూమినియం గొట్టం. దాన్ని నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలున్నాయేమో చూసుకోవాలి, నిలబెట్టాక ఆ కొయ్యతో వాటి కిందకి పోకూడదు. మొదటిసారి సగం లేచాక ఆగిపోయింది. బావమరిది బలంగా తోయబోతుంటే పక్క పడవ పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. కొయ్యను పక్కనుంచి పట్టి ఉంచే ఇనుప తాడు కిటికీ అంచున చిక్కుకుని ఉంది. ఇంకొంచెం నెట్టి ఉంటే కింది బిగింపు మర వంగిపోయేది.

ఆ పెద్దాయనే ఇంకో మాట చెప్పాడు. రోడ్డు మీద వేడెక్కిన హబ్‌ను వెంటనే చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని నీటిని పీల్చేస్తుందట. మా రెండు గంటల తంటా ఆ రకంగా కలిసొచ్చింది.

ఇక రివర్సు. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, ట్రెయిలర్ ఎటు పోవాలో చేతిని అటే జరపాలి. వినడానికి ఇంతే. నాలుగుసార్లు ట్రెయిలర్ కారుకు అడ్డం తిరిగింది. బావమరిది "ఆపు బావా, ఆపు!" అని అరుస్తుంటే వెనక చేపల పడవలవాళ్లు ఓపికపట్టారు. ఒకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కూడా.

ఒకటిన్నరకి తేలాం. మోటారుతో రేవు దాటి, వించ్ తిప్పి కీల్ దించాం. పెద్ద తెరచాప ఎత్తి మోటారు ఆపగానే చెవులు ఖాళీ అయిపోయాయి. ఎదురుగాలికి నేరుగా పోలేం కదా, కాసేపు ఇటు వాలి, కాసేపు అటు వాలి, వంకరటింకరగా పైకి పాకాం. ఫోన్‌లో చూస్తే వేగం నాలుగు నాట్లు (గంటకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు), అంటే సైకిల్ కన్నా తక్కువ. కాళ్ల కింద ఏదో సన్నగా పాడటం మొదలెట్టింది. భయపడ్డాను. కీల్‌ను పట్టి ఉంచే ఇనుప తాడు నీటి ఒరిపిడికి తంబురా తీగలా మోగుతోంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతోంది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ చూడటం మానేసి దాన్నే వింటూ కూర్చున్నాం.

నీళ్ల మీద గడిపింది గంటన్నర. తిరిగి రేవుకొస్తూ కీల్ ఎత్తడం మరిచాను. మెత్తగా ధబ్బుమంది, పడవ ఆగిపోయింది. అదృష్టం, కింద బురదే. బావమరిది ఏమీ అనకుండా లోపలికెళ్లి వించ్ తిప్పాడు.

కొయ్య దించి, పట్టీలు బిగించి ఊరు చేరేసరికి పడవ దాచుకునే యార్డు గేటు మూసేశారు. మా కాలనీలో ఇంటి ముందు పడవ పెట్టకూడదని రూలు. ఒక్క రాత్రికేంలే అనుకుని మా వాకిట్లోనే నిలిపాను. తెల్లారేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది.