శుక్రవారం, పొద్దు గూకకముందు

డిసెంబర్, శుక్రవారం రాత్రి. రమత్ గాన్, ఇజ్రాయెల్.

సబా పండుకున్నడు, ఇప్పుడు నాకు కొంచెం తీరిక దొరికింది. సబా అంటే హీబ్రూలో తాత, నేను చూసుకునే ఈ పెద్దాయన్ని మనవలు మనవరాళ్లు అట్లనే పిలుస్తరు కాబట్టి నాక్కూడా అదే అలవాటైంది.

పొద్దున రక్తపరీక్షకని బస్సులో పోయినం. ఇక్కడి బస్సుల్లో "తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడు" అని రాసుంటది, అది బస్సోళ్లు సొంతంగా రాసుకున్న మాట కాదు, యూదుల ధర్మగ్రంథం తోరాలోది, మన బైబిల్‌లో చూస్తే లేవీయకాండం 19లో ఉంటది. భుజానికి తుపాకీ ఉన్న సిపాయి పిల్లగాడు ఒకడు, ఇరవై ఏండ్లు కూడా ఉండవేమో, సబా మెట్టెక్కుతుంటేనే లేచి చెయ్యందించిండు.

ఇంటికొచ్చి వంట మొదలుపెట్టిన. సబా వాళ్లు బాగ్దాద్ యూదులు, 1950-51లో ఇరాక్ నుంచి 1,20,000 మందికి పైగా విమానాల్లో ఇక్కడికొచ్చిన్రు, అప్పుడు సబాకి 12 ఏండ్లు. వాళ్ల శనివారం వంట తబీత్. కోడి లోపల బియ్యం, టమాట, దాల్చినచెక్క, యాలకులు కూరి, చుట్టూ ఇంకా బియ్యం పోసి, పైన గుడ్లు పెంకుతోనే పేర్చి సన్నసెగ మీద రాత్రంతా వదిలేయాలి. షబ్బాత్ అంటే శుక్రవారం పొద్దు గూకినప్పటినుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ల విశ్రాంతి దినం, అది మొదలైనంక మంట ముట్టించరు కాబట్టి ముందే ప్లాటా అనే కరెంటు పెనం మీదికి ఎక్కించేస్తం, తెల్లారేసరికి గుడ్లు లోపల దాకా గోధుమరంగుకొస్తయి. నంజుకోను అంబా, మామిడికాయ పచ్చడే, మన దేశం నుంచి వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదులతోటి అటుపోయిందంటరు. ఆ సీసా మూత తీయంగనే మెంతుల వాసనకి మా అమ్మ జాడీ యాదికొస్తది.

సరే, అసలు రాద్దామనుకున్నది సాయంత్రం సంగతి.

నాలుగైంది. టేబుల్ మీద రెండు కొవ్వొత్తులు, రెండు హల్లా రొట్టెలు పెట్టి మీద గుడ్డ కప్పిన. రెండెందుకంటే ఎడారిలో వాళ్ల పూర్వీకులకి దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం శుక్రవారంనాడు రెండింతలు దొరికిందంట, దానికి గుర్తు. గుడ్డ ఎందుకంటే ముందు ద్రాక్షరసానికి ప్రార్థన చేస్తరు, తనకంటే ముందు ఇంకోదానికి మర్యాద చేస్తే రొట్టె చిన్నబోతదని. ఇది నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఏమనాలో తెల్వలే, రొట్టె మనసు గురించి కూడా ఆలోచించిన్రా అనిపించింది.

ఇక కొవ్వొత్తులు ముట్టించుడే అనుకుంటుంటే సబా వాకర్ పట్టుకుని లోపలికి పోతున్నడు. ఏం కావాలి సబా అంటే చెప్పడు. సొరుగు లాగి, పర్సు తీసి, వణికే వేళ్లతోటి రెండు పచ్చ యాభై షెకెల్ నోట్లు బయటికి తీయనీకి ఎంతసేపు పట్టిందో, రెండూ అతుక్కుని ఉంటే బొటనవేలితోటి రుద్ది రుద్ది విడదీసిండు. నాకు వారంవారం ఇచ్చే చేతిఖర్చు అది. రేపు చీకటైనంక తీసుకుంట సబా, టైమైతుంది రా అన్న. గట్టిగనే కోప్పడ్డడు. "రేపు కాదు హబీబీ. పొద్దు గూకకముందు."

షబ్బాత్‌లో డబ్బు ముట్టుకోరని తెల్సు, అందుకే అనుకున్న. అదొక్కటే కాదంట. ద్వితీయోపదేశకాండం 24లో ఉంది, కూలోని కూలి ఆ రోజే ఇయ్యాలె, పొద్దు గూకనియ్యొద్దు, వాడు పేదోడు, దాని మీదనే ప్రాణం పెట్టుకుని ఉంటడు అని. ఆ "ప్రాణం పెట్టుకుని" అన్న మాట మీద తాల్ముద్‌లో, అంటే పాతకాలం యూదు పెద్దల చర్చల పుస్తకంలో, ఒక ప్రశ్న ఉందంట. వీడు నిచ్చెనెక్కి, చెట్టుకు వేలాడి, చావుకు తెగించింది దేనికోసం, కూలి కోసం కాదా అని. సబా వాళ్ల నాయిన ఇక్కడికొచ్చిన కొత్తల గుడారంలో ఉంటూ నారింజ తోటల్లో కాయలు తెంపేటోడు, నిచ్చెన మీదనే పని. ఒక శుక్రవారం యజమాని వచ్చేవారం ఇస్త పో అన్నడంట, ఆ రాత్రి వాళ్ల గుడారంలో కొవ్వొత్తి లేదు, హల్లా లేదు. డెబ్బై ఏండ్లు దాటినా ఆ చీకటి ఇంకా సబా గొంతులో ఉంది.

నాకు మాట రాలే. దుబాయ్‌లో ఇరవై రెండో అంతస్తు బయట, నడుముకి తాడు కట్టుకుని స్కాఫోల్డింగ్ మీద పనిచేసిన మనిషిని నేను. ఆ కంపెనీ నాలుగు నెలల జీతం ఆపింది, రెండు నెలలది ఇప్పటికీ రాలే. నిచ్చెన, చెట్టు, చావు అని ఎన్నో వందల ఏండ్ల కిందట ఎవరో కూర్చుని నా గురించే అడిగినట్టు అనిపించింది.

తర్వాత ఆయన కొవ్వొత్తులు ముట్టించిండు. సబ్తా, అంటే నాయనమ్మ, ఆయన భార్య, పోయినప్పటినుంచి ఆయనే ముట్టిస్తడు.

తిన్నంక నా రూంలకొచ్చి ఫోన్‌లో తెలుగు బైబిల్ తెరిచిన. చిన్నప్పటినుంచి ఇంట్ల ఉన్న పుస్తకమే కానీ లేవీయకాండం ఎప్పుడూ దాటేసిన. 19వ అధ్యాయం ఒక్కదాంట్లనే ఎన్ని ఉన్నయో, పొలం అంచుల దాకా కోయకు, పరిగె ఏరకు, అవి పేదోళ్లకి, పరదేశులకి వదిలెయ్ అని కూడా ఉంది. మా అమ్మ కోతలైనంక కొంగుల పరిగె ఏరుకొచ్చేది, వడ్లు చాటల పోసి చెరుగుతుంటే నేను పక్కన కూసునేటోన్ని.

పదమూడో వచనంలో మాత్రం కూలి తెల్లారేదాకా ఉంచుకోకు అని ఉంది. అక్కడ పొద్దు గూకకముందు, ఇక్కడ తెల్లారకముందు, ఏంది ఈ తేడా అని మళ్లీ సబా దగ్గరికి పోయి అడిగిన. సంతోషంగ లేచి కూసున్నడు. పగలు పనిచేసినోనికి ఇయ్యనీకి రాత్రంతా గడువు, రాత్రి పనిచేసినోనికి పగలంతా గడువు అని పెద్దలు తీర్పు చెప్పిన్రంట. ఇంకోటి, కూలోడు అడగకుంటే తప్పు అంటుకోదు, నోరు తెరిచి అడిగినంక ఆపితేనే తప్పు.

అడిగినంక అనేసరికి నాకు గుండెల కలుక్కుమంది. ఊర్ల మా ఇల్లు కడుతున్న మేస్త్రి మంగళవారమే అడిగిండు, ఆయనకి, ఇద్దరు కూలోళ్లకి కలిపి 9,000. ఒకటో తారీకు పంపిస్త అన్న. డబ్బు లేక కాదు, తమ్ముని అకౌంట్‌ల ఉంది, టైల్స్‌కని పక్కన పెట్టిన.

ఇక్కడ ఆరు, అక్కడ తొమ్మిదిన్నర. సబాకి వినబడకుండ తలుపు మూసి తమ్మునికి ఫోన్ చేసిన. రేపిస్త అన్నా, ఇప్పుడేంది, చలి బాగుంది అన్నడు. తెల్లారేదాకా టైముంది కానీ ఇప్పుడే పో అన్న.

అరగంటకి వాడే చేసిండు. "ఇచ్చిన్నే అన్నా. తలుపు వాళ్లావిడ తీసింది. ఆయన లెక్కపెట్టను కూడా లే, అట్లనే ఆమె చేతిల పెట్టిండు. ఆమె కూసోమని చాయ్ పెడతానంటే, వద్దక్కా అని వచ్చేసిన."