జెనోవాలో మూడు గంటలు, పది యూరోలు

మా క్రూయిజ్ ఓడ ప్రతి శనివారం తెల్లారేసరికి ఇటలీలోని జెనోవా రేవులో ఉండేది. పాత ప్రయాణికులు దిగి కొత్తవాళ్ళు ఎక్కే రోజు కాబట్టి హౌస్‌కీపింగ్ వాళ్ళకీ, రెస్టారెంట్ వాళ్ళకీ ఊపిరి సలపదు. నాది బేకరీలో రాత్రి షిఫ్టు. రాత్రంతా వేలల్లో బన్నులు తీసి, పొద్దున తొమ్మిదింటికి బల్లలు కడిగి అప్పజెప్పేస్తే నా పని అయిపోయినట్టే. మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి ఎక్కాలి. మధ్యలో ఉన్నది నిద్రపోవడానికి. ఆ నిద్రలోంచే మూడు గంటలు కోసుకుని ఊళ్ళోకి వెళ్ళేవాణ్ణి.

"ఓడ నిండా తిండే కదా, బయటికెళ్ళి కొనుక్కోవడం ఎందుకురా?" అని ఇంటి దగ్గర అడిగేవాళ్ళు. క్రూ మెస్‌లో రోజూ అన్నం ఉంటుంది, పప్పో కూరో కూడా ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ ఎనిమిది నెలలు అదే ట్రే, అదే కిటికీ లేని హాలు, అదే క్యూ. వారానికి ఒక్క పూటైనా కదలని నేల మీద నిలబడి, మనం అడిగింది ఎవరో కోసి ఇస్తే తినాలనిపిస్తుంది. ఇక యూరోని రూపాయల్లోకి మార్చుకునే అలవాటు మానుకోకపోతే ఆ ఒక్క పూట కూడా తినలేం. నేను శనివారానికి పది యూరోలు అని గీత గీసుకున్నాను.

మొదటి నెలలో ఆ గీత దాటాం. పాత రేవు దగ్గర నీళ్ళ పక్కనే కుర్చీలు వేసిన ఒక చోట నలుగురం కూర్చున్నాం. బిల్లులో మనిషికింత అని విడిగా వేశారు. దాన్ని కొపెర్తో అంటారు, కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు తీసుకునేది. ఇటలీలో చాలాచోట్ల ఉన్నదే, మాకు తెలియకపోవడం మా తప్పు. పాస్తా రావడానికి యాభై నిమిషాలు పట్టడం మాత్రం మా తప్పు కాదు. ఆ రోజు గ్యాంగ్‌వే దాకా, అంటే ఓడ ఎక్కే వంతెన దాకా, పరుగే పరుగు. అప్పటినుంచి కుర్చీ ఉన్న చోట తినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇటలీలో కాఫీ అయినా కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు ఉండే చోట్లు ఉన్నాయి. ఓడ మనిషికి ఆ ఊళ్ళో నిలబడి తినడమే మేలు.

తొమ్మిదిన్నరకి బయటపడితే దొరికేది ఫొకాచా అనే రొట్టె. రొట్టెలు చేసేవాణ్ణి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమీ అనుకోకండి. జెనోవా ఫొకాచా వేలి మందం కన్నా ఎత్తుండదు. పొంగిన పిండి మీద వేళ్ళతో గుంటలు పొడిచి, నీళ్ళూ ఉప్పూ ఆలివ్ నూనె కలిపి ఆ గుంటల్లో పోస్తారు. దాని పేరు సలమోయా. కాలాక ఆ గుంటలు తెల్లగా, మెత్తగా ఉండిపోతాయి, చుట్టూ బంగారు రంగు. మా ఓడలోనూ ఫొకాచా అని ఒకటి చేసేవాళ్ళం, మీద టమాటాలూ రోజ్‌మేరీ చల్లి. ఇక్కడిది తిన్నాక మాది పేరుకే అని అర్థమైంది. కిలో లెక్కన అమ్ముతారు. "ఉన్ ఎత్తో" అంటే వంద గ్రాములు కోసిస్తారు. ఊరివాళ్ళు దాన్ని బోర్లించి తింటారు, ఉప్పు వైపు నాలుకకి తగలాలని. పొద్దునపూట కపుచీనోలో ముంచుకుంటారు కూడా. మొదటిసారి చూసి నవ్వుకున్నాను, కానీ మనం టీలో ఉప్పు బిస్కెట్ ముంచుకోమూ?

రేవు కూలీలు పొద్దున్నే తినే తిండి ఇది అని సరుకులు ఎక్కించే ఒక పెద్దాయన చెప్పాడు. జెనోవాలో వాళ్ళని కమాల్లి అంటారు. అరబ్బీలో హమ్మాల్ అన్న మాట నుంచి వచ్చింది. మన హమాలీ కూడా ఆ మాట నుంచి వచ్చిందే. విశాఖలో మా నాన్నతో మార్కెట్‌కి వెళ్ళినప్పుడు విన్న మాట ఇన్ని సముద్రాల అవతల వినబడేసరికి ఆ పెద్దాయన చేత మళ్ళీ మళ్ళీ పలికించాను.

ఓడ టెర్మినల్ దగ్గరే ప్రిన్సిపే రైల్వే స్టేషను. అక్కణ్ణుంచి వియా ప్రే అనే ఇరుకు వీధి పట్టుకుంటే పదిహేను నిమిషాల్లో సొత్తోరిపా. మధ్యయుగాల నాటి కమానుల కింద నడవా, ఒకప్పుడు సముద్రం దీని దాకా ఉండేదట. ఇక్కడ వేపుడు కొట్లు ఉంటాయి. కాగితం పొట్లంలో వేడివేడిగా చేపలు పోసిస్తారు. నేను అడిగేది అచ్చూగే. మన నెత్తళ్ళ జాతి చేపే, పిండి అద్ది నూనెలో వేస్తారు. కారం లేదు, పసుపు లేదు, ఉప్పూ నిమ్మకాయే. మొదటి పొట్లానికి చప్పగా అనిపించింది. మూడో శనివారం నుంచి చేప తాజాదో కాదో నోటికి తెలియడం మొదలైంది. మనం కారంలో కప్పెట్టేస్తాం అని ఒప్పుకోవాలంటే నామోషీగా ఉంది, కానీ నిజం.

ఆ కమానుల ఎదురుగానే బొమ్మలు వేసిన గోడలతో పలాట్సో సాన్ జోర్జో అనే పాత భవనం ఉంది. 1260లో కట్టినది, ఇప్పుడు రేవు అధికారుల ఆఫీసు. 1298లో మార్కో పోలో ఖైదీగా ఉండి తన ప్రయాణాలు చెప్పి రాయించింది ఇందులోనే అంటారు. ఆ పుస్తకంలో ముత్ఫిలి అన్న రాజ్యం ఉంది. వజ్రాలూ, సాలెగూడంత పల్చని బట్టలూ దొరికే చోటు, రాణి ఏలుతోంది అని. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి, ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. నెత్తళ్ళ పొట్లం పట్టుకుని ఆ గోడ కేసి చూస్తూ, పాపం ఆయనకి లోపల ఏం పెట్టేవారో అనుకునేవాణ్ణి.

నిద్ర ఆపుకుని మరీ ఎదురుచూసింది ఫరినాతా కోసం. శనగపిండి ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె. అంతే. పిండి కలిపి గంటల తరబడి నాననిచ్చి, పైకి తేలిన నురగ తీసేసి, బండి చక్రమంత రాగి పళ్ళెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. పైన పెళుసు, లోపల వెన్నలా మెత్తన. మిరియాల పొడి చల్లుకుని తినాలి. ఇలాంటి కొట్లని అక్కడ షామద్దా అంటారు, మంట అని అర్థం. చిక్కేమిటంటే పొయ్యి రాజుకుని మొదటి పళ్ళెం బయటికి వచ్చేసరికి దాదాపు మధ్యాహ్నం. నేను పన్నెండున్నరకల్లా ఓడలో పడుకోవాలి. అందుకే కొట్టు ముందు గోడకానుకుని కునుకు తీసేవాణ్ణి. కొట్టావిడకి అలవాటైపోయి, పళ్ళెం రాగానే గరిటెతో బల్ల మీద కొట్టి లేపేది.

ఇది ఓడవాళ్ళ తిండే అని అక్కడో కథ చెబుతారు. 1284లో మెలోరియా దగ్గర జెనోవా వాళ్ళు పీసా నావికాదళాన్ని ఓడించి వస్తుంటే తుఫానులో శనగపిండి బస్తాలూ నూనె పీపాలూ పగిలి ఉప్పునీళ్ళతో కలిసిపోయాయట. వేరే గతి లేక ఆ ముద్దని ఎండబెట్టి తిన్నారట. నాకైతే నమ్మకం లేదు. శనగపిండి, నీళ్ళు ఇంట్లో ఉన్న ఏ అమ్మకైనా ఈ వంట తట్టడానికి యుద్ధం అక్కర్లేదు. కానీ జెనోవా నుంచి వలస వెళ్ళినవాళ్ళతో ఇది అర్జెంటీనా చేరింది. అక్కడ ఫైనా అంటారు, పిజ్జా మీద పెట్టుకుని తింటారు.

మా పక్క కేబిన్‌లో శ్రీకాకుళం కుర్రాడు ఉండేవాడు, రూమ్ స్టీవార్డు, అంటే ప్రయాణికుల గదులు సర్దేవాడు. శనివారం వాడికి బయటికి రావడానికి కుదరదు. "అన్నా, నాకూ ఓ ముక్క పట్రా" అనేవాడు. వండిన తిండి ఓడలోకి తేనివ్వరు. గ్యాంగ్‌వే దగ్గర స్కానర్, సెక్యూరిటీ. అందుకని వియా ప్రేలో బంగ్లాదేశ్ వాళ్ళ కొట్టు నుంచి సీలున్న పచ్చడి ప్యాకెట్టు తెచ్చిచ్చేవాణ్ణి. వాడికి ఫొటో చూపించి ఫరినాతా గురించి చెప్తే, "ఇది శనగపిండట్టే కదన్నా" అని తేల్చేశాడు.

నా సైన్ ఆఫ్, అంటే కాంట్రాక్టు అయిపోయి ఓడ దిగిపోయే రోజు, కూడా శనివారమే. పొద్దున ఎనిమిదిన్నరకి దిగాం. మిలాన్ ఎయిర్‌పోర్టుకి బస్సు తొమ్మిదింటికి. షామద్దా పొయ్యి ఇంకా రాజుకోని వేళ. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నాకు నిద్ర గొడవ లేదు, కానీ టైము లేదు. సూట్‌కేసు తోటివాళ్ళకి అప్పజెప్పి స్టేషన్ వైపు పరిగెత్తి అరకిలో ఫొకాచా కోయించుకొచ్చాను.

కొత్తగా జాయిన్ అయ్యేవాళ్ళు అప్పటికే సూట్‌కేసులతో గట్టు మీద వరసలో నిలబడి ఉన్నారు. అందులో ఒకడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతున్నాడు. రాత్రి పొద్దుపోయి హోటల్‌కి చేరాడట, అప్పటికి వంటగది మూసేశారట, పొద్దున వ్యాను ఏడింటికే వచ్చేసిందట. ఇంకా ఏమీ తినలేదని వాళ్ళమ్మతో చెప్పకుండా కారం తక్కువ అని చెప్తున్నాడు. పొట్లం విప్పి చేతిలో పెట్టాను. లోపలికి తీసుకెళ్తానన్నాడు. "తీసుకెళ్ళనివ్వరు, ఇక్కడే తినెయ్" అన్నాను.

మా బస్సు హారన్ కొడుతోంది. వాడు గబగబా కొరుకుతున్నాడు.

"బోర్లించి తిను తమ్ముడూ" అని అరిచాను బస్సు మెట్టు మీంచి.