డి భాగం చదివాక

2022 మార్చిలో యూసీఎల్‌ఏ (కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్) నుంచి సీటు లేదని తెలిసిన రాత్రి నాన్న లాప్‌టాప్ ముందు కూర్చుని, "9 శాతం కూడా లేదురా. వందలో 91 మందికి ఇదే జవాబు" అన్నాడు. ఓదార్చాడో లెక్క చెప్పాడో నాకు అర్థం కాలేదు.

ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, చేరాను. ఏమీ తోచక పాత అంకెలు తిరగేయడం మొదలుపెట్టాను. అమెరికాలో చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక పత్రం విడుదల చేస్తాయి. సి భాగంలో ఫ్రెష్‌మన్ అడ్మిషన్లు (స్కూలు అయ్యాక నేరుగా మొదటి ఏడాదిలో చేరేవాళ్లవి), డి భాగంలో ట్రాన్స్‌ఫర్లు (వేరే కాలేజీలో కొంత చదివి వచ్చి చేరేవాళ్లవి) ఉంటాయి. అందరూ సి చూసి మూసేస్తారు, నేనూ అంతే చేశాను మొదట్లో. 1990ల మధ్యలో యూసీఎల్‌ఏ ఫ్రెష్‌మన్లలో దాదాపు 40 శాతానికి సీటిచ్చేది. అప్పట్లో దరఖాస్తులు 30 వేల లోపే. ఇప్పుడవి 1,40,000 దాటాయి, సీట్లు మాత్రం అలా పెరగలేదు. పిల్లల తెలివి తగ్గిందేమీ లేదు, క్యూ పెరిగిందంతే.

డి భాగం తెరిస్తే అక్కడ వేరే కథ. ట్రాన్స్‌ఫర్లలో నలుగురిలో ఒకరికి సీటొస్తోంది, చాలా ఏళ్లుగా కాస్త అటూఇటూగా అంతే. దీని వెనక ఉన్నత చదువుల కోసం కాలిఫోర్నియా 1960లో రాసుకున్న మాస్టర్ ప్లాన్ ఉంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి వెళ్లే దారి అందులోదే. ఇద్దరు ఫ్రెష్‌మన్లకి ఒక ట్రాన్స్‌ఫర్ అన్నది యూసీల (కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌ల) లక్ష్యం.

ప్రైవేటు కాలేజీలకి ఇలాంటి కట్టుబాటు లేదు. ప్రిన్స్‌టన్ 1990 నుంచి 2018 దాకా ట్రాన్స్‌ఫర్లనే తీసుకోలేదు. హార్వర్డ్ 2008లో హాస్టల్ గదులు చాలట్లేదని రెండేళ్లు ఆపేసింది. కాబట్టి అక్కడి ట్రాన్స్‌ఫర్ శాతం మీ మార్కుల గురించి పెద్దగా ఏమీ చెప్పదు. ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో చెబుతుందంతే.

నలుగురిలో ఒకరు అనగానే ఎగిరి గంతేయకండి. అది అన్ని మేజర్లనీ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులనీ) కలిపి చెప్పే మాట. మేజర్ల వారీగా చూస్తే కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చేది పది శాతం లోపే. నాది ఎకనమిక్స్ కనుక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

దెబ్బ తగిలింది మాత్రం వేరేచోట. మా కాలేజీ కౌన్సెలర్ "బిజినెస్ కాలిక్యులస్ చాలు" అంటే సరేనని ఒక సెమిస్టర్ అదే చదివాను. తర్వాత అసిస్ట్ సైట్‌లో చూస్తే యూసీఎల్‌ఏ ఎకనమిక్స్‌కి మామూలు కాలిక్యులస్ రెండు కోర్సులూ కావాలి. (ఏ కాలేజీలో ఏ కోర్సు ఏ యూసీలో దేనికి సరిపోతుందో చూపించే సైట్ అది, డబ్బులేం కట్టక్కర్లేదు.) కౌన్సెలర్‌ని అడిగితే "అవునా?" అన్నారు! వేసవిలో పక్క కాలేజీలో మొదటి కాలిక్యులస్ చదివి ఆ పోయిన సెమిస్టర్‌ని పూడ్చుకున్నాను. అప్పట్నుంచి ఎవరేం చెప్పినా ముందు అసిస్ట్‌లో చూసుకునేవాణ్ని.

సెప్టెంబర్‌లో డేవిస్‌కి ట్యాగ్ వేశాను. చెప్పిన కోర్సులూ జీపీఏ (సగటు గ్రేడు) కూడా ఉంటే సీటు ఖాయమనే ఒప్పందం అది. ఆరు యూసీలు ఇస్తాయి, ఒక్కదానికే వేయాలి. లాస్ ఏంజెలెస్, బర్క్‌లీ, శాన్ డియాగో ఇవ్వవు. ఆ ఒక్క కాగితం వల్లే నవంబర్‌లో వ్యాసాలు టెన్షన్ లేకుండా రాశాను. ట్రాన్స్‌ఫర్‌కి నాలుగు వ్యాసాలు, ఒక్కోటీ 350 పదాల లోపు. మేజర్‌కి ఎలా సిద్ధమయ్యారో చెప్పేది మాత్రం తప్పనిసరి. కాలిక్యులస్ కథంతా అందులోనే రాశాను, కౌన్సెలర్ ఊసు ఎత్తకుండా.

ఏప్రిల్ చివర్లో బర్క్‌లీ కాదంది, యూసీఎల్‌ఏ రమ్మంది. నాన్న వెంటనే ఈ ఏడాది శాతం ఎంతో వెతకబోయాడు. నేను ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టుల పనిలో పడ్డాను. చదివిన ప్రతి కాలేజీ నుంచీ పంపాలి మరి. వేసవి కోర్సు చేసిన ఆ పక్క కాలేజీ సంగతి గడువుకి నాలుగు రోజుల ముందు గుర్తొచ్చింది.