షాప్ ఫెల్ ఎక్కుడులో వదలని 50 హెర్ట్జ్ రొద

రైల్వే టూరింగ్ కంపెనీ 2007 నుంచి నడుపుతున్న ‘గ్రేట్ బ్రిటన్’ ఆవిరి యాత్రను ఈసారి కూడా లైను పక్కన నిలబడే రికార్డు చేశాను. అంచెకొక ఇంజను చొప్పున రోజుల తరబడి సాగే ఈ బండిలో టికెట్టు కొని కూర్చుంటే, చెవికి అందేది పెట్టెల చప్పుడే గాని ఇంజను కాదన్నది నా అభిప్రాయం. కూతలు ఎక్కడా పగలలేదు. ఎంత పెద్ద శబ్దమైనా పగలకుండా నమోదు చేసే 32 బిట్ ఫ్లోట్ పద్ధతి వచ్చాక ఆ బెంగ తీరిపోయింది. చిక్కంతా షాప్ ఫెల్ అనే కొండ ఎక్కుడు దగ్గరే వచ్చింది.

ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో ఉన్న ఈ ఎక్కుడు సుమారు నాలుగు మైళ్ల పొడవునా 75కు 1 వాలులో ఉంటుంది. జోడీగా వచ్చిన బ్లాక్ ఫైవ్ రకం ఆవిరి ఇంజన్లకు ఆరడుగుల చోదక చక్రాలు, రెండేసి సిలిండర్లు ఉన్నాయి కనుక చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పొగగొట్టం నాలుగుసార్లు దమ్ము వదులుతుంది. గంటకు 30 మైళ్ల వేగంలో అది ఒక్కో ఇంజనుకు సెకనుకు తొమ్మిది దెబ్బల పైచిలుకు అవుతుంది. చక్రాల అరుగుదలలో తేడా ఉండడంతో ఆ రెండు వరుసలూ రెండు డప్పుల దరువులా కలుస్తూ, విడిపోతూ వినిపిస్తాయి. నేను అంత దూరం వెళ్లింది దానికోసమే. తీరా చూస్తే, దాని అడుగున మొదటి నుంచి చివరిదాకా ఒక రొద పరుచుకుని ఉంది.

స్పెక్ట్రమ్‌లో 50, 150, 250 హెర్ట్జ్‌ల దగ్గర సూదుల్లాంటి శిఖరాలు కనిపిస్తున్నాయి. బండ్లేవీ లేనప్పుడు −46 డెసిబెల్‌లు ఉన్న 50 హెర్ట్జ్ శిఖరం, ఒక పెండొలినో (కరెంటు రైలు) ఎగువకు లాగుతున్నప్పుడు −31కి ఎగబాకింది. మైకులు కంచెకు తొమ్మిది మీటర్ల ఇవతల ఉన్నాయి. నాలుగు మీటర్ల 3.5 మిల్లీమీటర్ల జాక్ కేబుల్ పట్టాలకు సమాంతరంగా పరిచి ఉంది. గాలి హోరు అనుకుందామంటే, అది ఇంత సన్నని గీతగా రాదు. ఏ ట్రాన్స్‌ఫార్మరో మోగుతోంది అనుకుంటే, దాని శబ్దం 100 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. అక్కడ ఏమీ లేదు. రికార్డర్ బ్యాటరీ మీదే నడిచింది, కనుక అది మెయిన్స్ కరెంటు నుంచి వచ్చిందీ కాదు.

అదే సరంజామాతో స్కాట్లండ్‌లోని డ్రమాక్టర్ కనుమలో, 452 మీటర్ల ఎత్తున, ఇంతకంటె బలమైన గాలిలో చేసిన రికార్డింగులో ఆ శిఖరాల జాడే లేదు. అక్కడ లైను మీద విద్యుత్ తీగలు లేవు. షాప్ మీద 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ తీగలున్నాయి. కాబట్టి ఆ రొద చెవికి వినిపించే శబ్దం కాదనీ, తీగలలోని కరెంటు అయస్కాంత క్షేత్రం అన్‌బ్యాలెన్స్‌డ్ (చొరబడిన రొదను రద్దు చేసే జంట సిగ్నల్ తీగ లేని) కేబుల్‌లోకి చొరబడుతోందనీ నా అనుమానం. కేబుల్ అమ్మినవారు పెట్టె మీద ‘పూర్తి షీల్డింగ్’ అని అచ్చువేశారు గాని, ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాన్ని అల్లిక షీల్డు ఆపలేదు. ఆ ఫ్రీక్వెన్సీలను మాత్రమే కోసేసే నాచ్ ఫిల్టర్ పెడితే రొద పోయింది, దానితో పాటు పొగగొట్టం దెబ్బలోని బరువూ పోయింది. దెబ్బ బోలుగా, అట్టపెట్టెను కొట్టినట్టు మిగిలింది.

తరువాతి విడతకు ఎక్స్‌ఎల్‌ఆర్ (బ్యాలెన్స్‌డ్ కనెక్టర్) మైకులతో జూమ్ ఎఫ్3 రికార్డర్ తీసుకోవాలనుకుంటున్నాను. ధర ఎక్కువే అయినా బ్యాలెన్స్‌డ్ దారి తప్పదు. గాలి హోరును ఆపే రైకోట్ కంపెనీ బొచ్చు తొడుగు అలాగే ఉంటుంది, దానికి సాటి ఇంకా నాకు దొరకలేదు. యాత్రకు ముందే ఒక మామూలు రోజున షాప్‌కు వెళ్లి, పాత కేబుల్‌ను పట్టాలకు సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పరిచి, పెండొలినో వచ్చినప్పుడల్లా 50 హెర్ట్జ్ శిఖరాన్ని కొలుస్తాను. అడ్డంగా పెట్టినా తగ్గకపోతే, అనుమానం కేబుల్ మీద నుంచి మైకు లోపలి సర్క్యూట్ మీదికి మళ్లుతుంది.