పధ్నాలుగు అంకెల బన్ను

చిత్తూరు సంతపేటలో మా మామయ్య గారి బేకరీ 2011లో మూతపడింది. 2023లో నేను మళ్లీ తెరిచాను. మధ్యలోని పన్నెండేళ్లలో ఆ కట్టెల బట్టీలో ఒక పిల్లి మూడు కాన్పులు చేసుకుంది, మా ఆయన పాత పుస్తకాలు దాచుకున్నారు, 2021 నవంబరు వానలకు నీవా నది పొంగిన రోజుల్లో వెనక గోడ నానిపోయింది. "కొట్టేసి రెండు గదులు వేస్తే అద్దె వస్తుంది" అన్నది ఇంట్లో అందరి మాట. మామయ్య మాత్రం ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఒప్పుకోలేదని అర్థం.

1998లో నేను కోడలిగా వచ్చినప్పుడు ఈ బట్టీ తెల్లవారుజామున మూడింటికి వెలిగేది. ఆరింటికల్లా నలుగురు కుర్రాళ్లు సైకిళ్ల వెనక రేకు పెట్టెలు కట్టుకుని గిరింపేట, గ్రీమ్స్‌పేట, మిట్టూరు, కట్టమంచి వైపు వెళ్లిపోయేవారు. పెట్టెల్లో బన్నులు, రస్కులు, ఉప్పు బిస్కట్లు, నడుమ చెర్రీ ముక్క గుచ్చిన టీ కేకులు. రొట్టె ఎక్కువగా ఆసుపత్రి ముందే అమ్ముడయ్యేది. జ్వరం వస్తేనే బ్రెడ్డు తినాలని అప్పటి లెక్క. వెనక బట్టీ, ముందు బల్ల ఉన్న బేకరీలు ఊళ్లో పేటకొకటి ఉండేవి. ఇప్పుడు బేకరీలు అంతకన్నా ఎక్కువే. కానీ చాలావాటి వెనక ఏదీ కాలదు. సరుకు వ్యానులో దిగి, అద్దాల బీరువాలో కూర్చుంటుంది. తప్పని అనను. ఆ వ్యాను దెబ్బకే మేము మూసేశాం కాబట్టి నా మాటలో కాస్త కారం ఉంటుంది, మన్నించాలి.

లాక్‌డౌన్‌లో చిన్న కరెంటు ఓవెన్‌లో కేకులు చేసి వీధిలో ఇచ్చేదాన్ని. తిరుపతిలో ఉండే మా ఆడపడుచు తన అపార్టుమెంటులో నాలుగు ముక్కలు పంచి, ఫోను చేసింది. "వదినా, కొంటామంటున్నారు. కానీ కవరు మీద నెంబరు ఉందా అని అడుగుతున్నారు."

ఆ నెంబరు అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ వారిచ్చే పధ్నాలుగు అంకెలు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద తినుబండారం చేసి అమ్మే ప్రతివారూ తీసుకోవాల్సిందే. మేము తెరిచిన 2023లో ఏడాది అమ్మకం 12 లక్షల లోపయితే రిజిస్ట్రేషన్ సరిపోయేది, రుసుము ఏడాదికి 100 రూపాయలు. దాటితే లైసెన్సు. తయారు చేసేవారికి రోజుకు 100 కిలోల హద్దు కూడా ఉండేది. మామయ్య పాత లెక్కల పుస్తకం తీశాను. 1998లో రోజుకు ఒక బస్తా మైదా, అంటే అప్పటి 90 కిలోల బస్తా. నీళ్లు, చక్కెర, నూనె కలిసి, బట్టీలో తడి ఆరి, బయటికి వచ్చేసరికి ఆ బస్తా సుమారు 130 కిలోల రొట్టె అవుతుంది.

"మామయ్యా, ఈ లెక్కన మీరు చిన్న తయారీదారు కాదు" అన్నాను.

"నన్ను చిన్న అని ఎవరన్నారు?" అన్నారాయన. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు.

నేను మాత్రం చిన్నదాన్నే. రోజుకు నలభై రొట్టెలు నలభై రూపాయల చొప్పున, వంద బన్నులు ఎనిమిది రూపాయల చొప్పున అమ్మితే ఏడాదికి ఎనిమిది లక్షల డెబ్బై ఆరు వేలు. హద్దులోనే ఉన్నాను. వీధి చివరి నెట్ సెంటరులో ఈ వంద రూపాయల పనికి పదిహేను వందలు అడిగారు. మొహమాటానికి ఇచ్చాను కూడా. ఆ అబ్బాయి 'తయారీదారు' అన్నచోట 'చిల్లర అమ్మకందారు' అని నొక్కాడు. నేను చూడకుండా సరే అన్నాను. దరఖాస్తు వివరణ అడుగుతూ తిరిగి వచ్చింది. రెండోసారి ఇంట్లో కూర్చుని ఆ సంస్థ వారి ఫోస్కాస్ పోర్టల్‌లో నేనే నింపాను. ఫొటో, గుర్తింపు కార్డు, ఇంటి పన్ను రసీదు; సరుకుల జాబితాలో ఏడో వర్గం బేకరీది, అందులో రొట్టెలు 7.1, కేకులూ బిస్కట్లూ 7.2. ఐదేళ్లకు కలిపి 500 రూపాయలు కట్టాను. ఫోనులో కరెంటు బిల్లు కట్టగలిగినవారు ఈ పని చేసుకోగలరు. పదిహేను వందలు మిగులుతాయి.

అసలు కష్టం బట్టీది. పన్నెండేళ్ల చల్లదనం, దాని మీద వాన తడి. ఒక్కసారిగా మంట పెడితే ఇటుకలోని నీరు ఆవిరై లోపలి నుంచి చీలుస్తుందని మామయ్య హెచ్చరించారు. తాపీమేస్త్రీ పగుళ్లను బంకమట్టితో పూడ్చి వెళ్లాక పది రోజులు ఆరబెట్టాం. మొదటి రోజు ఒక గంట సేపు చితుకుల మంట, అంతే. రెండో రోజు రెండు గంటలు. ఐదో రోజుకు గానీ మామిడి కట్టె పడలేదు. మా జిల్లాలో ముదిరిన తోటలు కొట్టేసినప్పుడు మామిడి కట్టెకు కొదవ ఉండదు. ఏడో రోజు దాకా గోడ బయట చెయ్యి పెడితే చెమ్మగా తగిలేది. పదో రోజు లోపలి గుమ్మటం మీది మసి కాలిపోయి ఇటుక తెల్లబడింది. మామయ్య కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు.

వేడి చూడడానికి నేనొక థర్మామీటరు కొన్నాను. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టినదానికి పెద్దన్న లాంటిది. మామయ్య దాన్ని చూసి నవ్వి, నిప్పులు బయటికి లాగించి, తడి గోనెతో నేల తుడిపించి, చిటికెడు మైదా లోపలికి విసిరారు. అది వెంటనే నల్లబడింది. "ఆగు." పావుగంట తరవాత ఇంకో చిటికెడు, మెల్లగా బిస్కట్టు రంగుకు తిరిగింది. చెయ్యి లోపల పెట్టి ఎనిమిది లెక్కపెట్టి తీశారు. "ఇప్పుడు రొట్టె." నా తుపాకీ 230 డిగ్రీలు చూపించింది. దాన్ని పారేయలేదు, ఎందుకంటే నాకు ఆయన చెయ్యి లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల ఆ చెయ్యి ఈ మధ్య వణుకుతోంది కూడా. ముందు రొట్టె, వేడి తగ్గాక బన్ను, ఆ తరవాత కేకు, చివరికి చల్లారిపోతున్న బట్టీలో రాత్రంతా రస్కు. ఈ వరుసలోని ప్రతి మెట్టుకూ డిగ్రీలు రాసి గోడకు అంటించాను. అంతకుముందు ఆ బేకరీ గోడ మీద రాసి ఉన్నది పాల బాకీ ఒక్కటే.

రస్కు గురించి ఒక ముచ్చట. మేము తెరిచినప్పుడు రొట్టె మీద జీఎస్టీ లేదు, రస్కు మీద 5 శాతం. అంటే అమ్ముడుపోని నిన్నటి రొట్టెను కోసి మళ్లీ బట్టీలో పెడితే పన్ను పుడుతుంది. మా అమ్మకానికి జీఎస్టీ నమోదే అవసరం లేదు కాబట్టి హాయిగా నవ్వుకున్నాం.

లేబుల్ రాయడానికి కూర్చున్న రోజు నవ్వు ఆగింది. అందులో వేసినవన్నీ, ఎక్కువ నుంచి తక్కువకు, వరుసగా రాయాలి. మైదా, నీళ్లు, చక్కెర, ఈస్ట్, ఉప్పు. వనస్పతి అని రాయబోయి ఆగాను. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదు; కాబట్టి పాత డబ్బా వదిలేసి, కాగితం చూసి కొన్న కొవ్వు రాశాను. ఆ తరవాత మామయ్య ఇంకొకటి చెప్పారు. "తెల్ల పొడి. పది కిలోల మైదాకు చిటికెడు."

"ఏం పొడి?"

"రొట్టె పొంగడానికి. డబ్బా మీద పేరు ఉండేది కాదు. సరుకులవాడు ఇచ్చేవాడు."

పొటాషియం బ్రోమేట్. ఆయన వాడిన రోజుల్లో నేరం కాదు. కిలో మైదాకు 50 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉండేది. 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 38 రొట్టె నమూనాలు పరీక్షిస్తే 84 శాతంలో బ్రోమేటో, దాని లాంటిదే అయిన అయొడేటో కనిపించింది. క్యాన్సరుకు కారణం కావచ్చన్న జాబితాలో బ్రోమేట్ అప్పటికే ఉంది. జూన్‌లో దాన్ని నిషేధించారు. ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందేమో. రెండు రోజులు బట్టీ వైపు రాలేదు. సైకిల్ పెట్టెలన్నీ, ఆసుపత్రి ముందు కొన్నవాళ్లందరూ ఆయనకు గుర్తొచ్చి ఉంటారు. నేను అడగలేదు.

మూడో రోజు ఆయనే అన్నారు. "వేలూరులో నాకు పని నేర్పిన మాస్టరు రాత్రే సగం పిండి కలిపి పెట్టేవాడు. ఈ పొడి తరవాత వచ్చింది. పొడి వచ్చాక రాత్రి నిద్రపోయాం."

ఆ సగం పిండి పద్ధతి నాకు పట్టుబడడానికి మూడు వారాలు పట్టింది. రాత్రి తొమ్మిదికి సగం మైదా, ఈస్ట్, నీళ్లు కలిపి మూతపెట్టడం. మూడింటికి మిగతావి చేర్చి పిసకడం. పుస్తకంలో తేలికే. చిత్తూరు ఏప్రిల్ రాత్రిలో ఆ పిండి ఒంటిగంటకే పొంగి, పుల్లబడి, కూలిపోయింది. మొదటి నాలుగు వాయిలు ఆవులకు పోయాయి. నీళ్లలో ఐసు ముక్కలు వేశాను, ఈస్ట్ సగానికి తగ్గించాను, గిన్నెను నీళ్ల తొట్టెలో కూర్చోబెట్టాను. 400 గ్రాముల రొట్టె కావాలంటే 455 గ్రాముల ముద్ద తూచాలని కూడా అప్పుడే తెలిసింది. మిగతాది ఆవిరైపోతుంది. రొట్టె వచ్చింది. పొడి వేసిన రొట్టె కన్నా ఒక వేలెడు పొట్టి. వాసన మాత్రం మొదటిసారి గేటు దాటింది.

ఇక బన్ను. పచ్చ గుర్తు పెట్టాలా, గోధుమరంగు త్రికోణం పెట్టాలా? "పచ్చదే" అన్నాను. మామయ్య గొంతు సవరించుకున్నారు. బన్ను మీది ఆ మెరుపు గుడ్డు సొనదట. కాల్చే ముందు బ్రష్షుతో పూసేవారట. నిబంధన ప్రకారం గుడ్డు మాంసాహారమే. అంటే సంతపేటలో మడి కట్టుకునే ఇళ్లు కూడా పాతికేళ్లు త్రికోణం బన్నే తిన్నాయి.

"చెప్పేవారు కాదా మామయ్యా?"

"అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు."

గుడ్డు మాని పాలు పూశాం. మెరుపు తగ్గింది. తిరుపతికి వెళ్లాల్సిన సరుకుకు వేరే దారి లేదు. అక్కడ గుడ్డు లేదని రాసి ఉంటేనే సగం మంది చెయ్యి చాస్తారని ఆడపడుచు ముందే చెప్పింది. గుడ్డు కేకులు వేరే బల్ల మీద, వేరే గిన్నెల్లో, త్రికోణంతో.

మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు పెద్ద కథ కాదు, వరుసలో నిలబడితే వచ్చింది. పొగ గురించి మేడ మీది వాళ్లతో మాట్లాడుకుని, వాళ్లు బట్టలు ఆరేసే వేళకు బట్టీలో పొగ లేకుండా చూస్తున్నాం. తనిఖీకి వచ్చిన అధికారి ట్యాంకరు నీళ్లకు పరీక్ష రిపోర్టు అడిగారు, పిండి మీద గాజు పడకుండా బల్బులకు తొడుగు వేయించమన్నారు, కిటికీకి దోమతెర పెట్టించమన్నారు. అన్నీ న్యాయమే అనిపించాయి. ఆయన వెళ్తూ వెళ్తూ బట్టీ ముందు ఆగి, చిన్నప్పుడు ఇలాంటిదే తమ ఊళ్లో ఉండేదని చెప్పి, ఒక రస్కు తిని, డబ్బులిచ్చి రసీదు అడిగారు. రసీదు పుస్తకం ఇంకా కొనలేదు. తెల్ల కాగితం మీద రాసిచ్చాను.

పన్నెండు రోజులకు నెంబరు వచ్చింది. స్టిక్కర్లు వేయించి మొదటి రోజు బల్ల మీద పేర్చాం. ఎదురింటి మామ్మ గారు మొదట వచ్చారు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఆవిడ వంట గదిలో గుడ్డు అన్న మాట వినపడదు. బన్ను కవరు కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని పచ్చ చుక్కను, పధ్నాలుగు అంకెలను, వేసిన వాటి జాబితాను నింపాదిగా చదివారు.

"అమ్మాయీ, మెరుపు లేదేమిటి? మీ మామ గుడ్డు పూయడం మానేశాడా?"

లోపల కుర్చీ చప్పుడు ఆగిపోయింది.

"మానేశాం మామ్మ గారూ" అన్నాను.

"సరే, నాలుగు ఇవ్వు" అని చిల్లర లెక్కపెట్టి, తలుపు వైపు గొంతు పెంచి, "అప్పటివే బాగుండేవి" అని వెళ్లిపోయారు.