అయస్కాంతానికి అంటని రూపాయి

కోటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్ళు గోదారి మధ్యకి వచ్చాక చిల్లర విసురుతారు. దొడ్డమ్మగారి ఊరు అవతల ముక్తేశ్వరం పక్కనే కాబట్టి నాకూ చిన్నప్పటి నుంచీ ఆ అలవాటుంది. దండం పెట్టుకోవడం మర్చిపోతానేమో గానీ రూపాయి విసరడం మర్చిపోను. మొన్న ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు గోదారి నాకు చిల్లర తిరిగిచ్చింది.

ముక్తేశ్వరం ఒడ్డున నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. దిగుతూనే నా చెప్పు బురదలో కూరుకుపోయింది. చెయ్యి పెట్టి లాగితే చెప్పుతోపాటు ఒక నల్లటి బిళ్ళ వచ్చింది. సోడా మూత అనుకుని పారేయబోయాను. మూతకి అంత బరువుండదే అని ఆగాను.

పక్కనే ఒక కుర్రాడు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి లాగుతున్నాడు. పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతమట. భక్తులు వేసిన చిల్లరే వాడి పంట. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టీలువి కాబట్టి టకటకా అంటుకుంటాయి. "ఇలా ఇవ్వండి" అని నా బిళ్ళని దానికి ఆనించాడు. జారి బురదలో పడింది. "ఆయ్, ఇది డబ్బు కాదండి" అని తేల్చేశాడు.

వెండికి అయస్కాంతం పట్టదు. వాడూ, వాడి కంటే ముందు వచ్చినవాళ్ళూ ఆ రేవుని ఎన్నిసార్లు దువ్వి ఉంటారో. ఇది మాత్రం అందుకే మిగిలింది.

దొడ్డమ్మ ఇంటికెళ్ళి బిళ్ళని కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి తళతళలాడుతోంది. "నల్లగా ఉందని దేవుడి సామాన్లతోపాటు చింతపండేసి తోమేశాన్రా" అంది. అప్పుడు నేనూ సంతోషించాను, తెలియక. ఒకవైపు అరబ్బీ అక్షరాల్లాంటివి, రెండోవైపు కూడా అవే. బొమ్మ లేదు. అంచు ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉంది. దొడ్డమ్మ అరచేతిలో ఎగరేసి చూసి, "వెండేరా, రూపాయెత్తు ఉంటుంది" అంది. వాళ్ళమ్మ లేహ్యాలకి వాడిన లెక్క అది. బ్రిటిషువాళ్ళ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. దొడ్డమ్మ చెయ్యి పెద్దగా తప్పలేదు.

మర్నాడు అమలాపురంలో ఒక కంసాలి కాటా మీద వేస్తే 11.2 గ్రాములు తూగింది. ఆయన దాన్ని గచ్చు మీద వేసి చప్పుడు విన్నాడు, అంచు చుట్టూ గోరు తిప్పాడు. పోతపోసిన నకిలీ అయితే అంచున అతుకు గీత తగులుతుందట. వెండి రేటు కట్టి పధ్నాలుగు వందలిస్తానన్నాడు. కరిగించేస్తాడు కదా అని భయమేసి తీసేసుకున్నాను.

ముమ్మిడివరం, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళాను. అక్కడ మా నాన్నగారికి తెలిసిన రిటైర్డు మాస్టారు ఒకాయన పాత నాణేలు పోగుచేస్తారు. ఆయన ముందు బిళ్ళని చూడలేదు, నన్ను చూశారు. "ఎవరు తోమారండి దీన్ని?" అన్నారు. దొడ్డమ్మ పేరు చెప్పలేక నేనే అన్నాను. బురదలో ఏళ్ళ తరబడి ఉన్న వెండికి గంధకం పట్టి ఆ నలుపొస్తుంది. కొనేవాళ్ళకి ఆ నలుపే కావాలి. తోమితే నలుపుతోపాటు అక్షరాల అంచులూ అరుగుతాయి, సన్న గీతలు పడతాయి. దొరికినదాన్ని మంచినీళ్ళలో కడిగి, గుడ్డతో అద్ది ఊరుకోవాలట.

తర్వాత భూతద్దం తీశారు. ఇది సమ్మెట దెబ్బ నాణెం. తూకం సరిచేసిన వెండి బిళ్ళని రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ కొట్టేవారు. బిళ్ళ కంటే అచ్చు పెద్దది. అందుకే ఏ నాణెం మీదా రాత మొత్తం పడదు. పదిమంది చదివిన ముక్కలు కలిపితే గానీ వాక్యం రాదు. నాదాని మీద మిగిలిన పారసీ ముక్కల్ని ఆయన వేలు పెట్టి చదివారు: 'సిక్కా ముబారక్', 'బాద్‌షా ఘాజీ', వెనక 'జులూస్'. పక్కన 12 అంకె. మొగలు చక్రవర్తి షా ఆలం గద్దెనెక్కిన పన్నెండో ఏడు, అంటే 1770 ప్రాంతం. అడుగున 'ఆర్కాట్' అన్న మాటలో సగం.

"అయితే ఆర్కాటులో కొట్టిందాండి?" అన్నాను. నవ్వారు. పేరు ఆర్కాటుదే, కొట్టింది పాండిచ్చేరిలో. ఆర్కాటు నవాబు నుంచి 1736లో ఫ్రెంచివాళ్ళు ఆ రూపాయి కొట్టుకునే హక్కు తెచ్చుకున్నారు. చక్రవర్తి పేరూ ఊరి పేరూ అలాగే ఉంచి, ఒక మూల చిన్న నెలవంక వేసుకున్నారు. తామరపువ్వు ఉంటే ఇంగ్లీషువాళ్ళ మద్రాసుది. త్రిశూలం ఉంటే మచిలీపట్నానిది. నాదాని మీద నెలవంక ఉంది, చింతపండుకి సగం పోయింది గానీ ఉంది. ఇంకో రెండు చిన్న గాట్లు కూడా ఉన్నాయి. అవి డబ్బు మార్చే షరాబుల ముద్రలట. చేతులు మారినప్పుడల్లా వెండి మంచిదో కాదో చూసి గుచ్చేవారు, రూపాయి పాతబడితే వట్టం, అంటే తరుగు, కోసుకుని తీసుకునేవారు. యానాం, ఇంజరం బట్టల వ్యాపారం జోరుగా ఉన్న రోజులవి. ఏ సాలెవాడి మొలలోంచి ఏ పడవలో జారిందో అని నేను కథ అల్లుతుంటే, మాస్టారు వినిపించుకోలేదు.

ధర అడిగాను. ఈ రకం బాగానే దొరుకుతుందన్నారు. నల్లగా ఉండగా తెస్తే రెండున్నర వేల దాకా పలికేదట. ఇప్పుడైతే పదిహేను వందలు. కంసాలి చెప్పినదానికి నూరు రూపాయలు ఎక్కువ. 250 ఏళ్ళ చరిత్రకి నూరు రూపాయలు.

"అయినా అమ్మకండి" అన్నారు మాస్టారు. మట్టిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే జిల్లా కలెక్టరుకి రాసి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. ఆ పది ఇప్పటికీ పదే. ఒక్క బిళ్ళకి ఇంత అవసరమా అనిపించింది. కానీ ఆ రాత్రి ఎవరో తలుపు కొడతారని ఒకటే టెన్షన్. పొద్దున్నే అమలాపురం కలెక్టరాఫీసుకి వెళ్ళి, దొరికిన చోటు, తేదీ, బరువు రాసి, నాణెం అప్పగించి రసీదు తీసుకున్నాను. 'పాత వెండి బిళ్ళ, ఒకటి' అని రాశారు. నెలవంక ఉందని రాయమంటే, గళ్ళలో అలాంటి గడి లేదన్నారు.

తిరుగు ప్రయాణంలో రేవులో ఆ కుర్రాడే ఉన్నాడు.

"ఎంతొచ్చిందండీ?"

"రసీదొచ్చింది."

జాలిగా చూసి, దోసిట్లోంచి ఒక తడి రూపాయి తీసి నా చేతిలో పెట్టాడు. పంటు మధ్యకి వచ్చాక అదే విసిరాను.